మా తమ్ముడి విరగని చెయ్యి

చెయ్యి విరగలేదు. ముందు ఆ సంగతి తేల్చుకుందాం, మిగతావి తర్వాత. పోయిన నెల చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీ హాల్లో మా తమ్ముడి ఫోటోల ప్రదర్శన పెట్టారు. మైకు పట్టుకున్న అమ్మాయి కన్నడంలో గొంతు వణికిస్తూ చెప్పింది: మోటారు సైకిలు ప్రమాదంలో చెయ్యి విరిగి, ఇక కీబోర్డు వాయించలేక కుంగిపోయి, చివరికి అదే చేత్తో కెమెరా అందుకున్న కళాకారుడు ఈయన అని. హాలంతా చప్పట్లు. నా పక్క కుర్చీలో ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది కూడా. వేదిక మీద మా తమ్ముడు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. ఆ రెండింట్లో ఏది విరిగిందని ఒక్కరైనా అడగాలి కదా! అడగరు. మా బంధువుల్లోనే ఎడమ చెయ్యి అనేవాళ్ళున్నారు, కుడి చెయ్యి అనేవాళ్ళున్నారు. చింతామణిలో ఉండే మా పిన్ని అయితే మణికట్టులో కడ్డీ వేశారని, చలికాలంలో అది లాగుతుందని కూడా చెబుతుంది. ఆ ప్రమాదం జరిగినప్పుడు బండి మీద వెనక కూర్చున్నది నేను. పడింది ఇద్దరం. విరిగింది పట్టు పురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రిక ఒకటి, పగిలింది బండి అద్దం. అంతే. మరి వాడు సంగీతం ఎందుకు వదిలేశాడు? దానికి నా దగ్గర ఇంకో జవాబు ఉంది. ఆ జవాబులో నేనున్నాను కాబట్టి పన్నెండేళ్ళుగా నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్నానంటే మా అత్తగారి ఊరు సాదలిలో ఎవరూ నమ్మరు, అది వేరే సంగతి.

మా పుట్టిల్లు బాగేపల్లి దగ్గర పరగోడు. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఆకాశం వైపు చూపులు. అలాంటి ఇంట్లో వీడొకడు, అన్నం కంటే చప్పుడు ఎక్కువ తిని పెరిగాడు. భజన మందిరంలో హార్మోనియం మోగుతుంటే గోడకి చెవి ఆనించి నిలబడేవాడు. కొంచెం పెద్దయ్యాక బాగేపల్లిలో హైవే పక్కన ఒక మెకానిక్ షాపు వాడికి రెండో కాలేజీ అయింది. మొదటి కాలేజీ మొహం వాడు ఎంతగా చూశాడో హాజరు పట్టీకే తెలియాలి. రెండు స్ట్రోకుల పాత బండి ఒకటి ఎక్కడో దొరకబుచ్చుకున్నాడు. దాని పొగకి మా వీధిలో దోమలుండేవి కావు, మనుషులు కూడా కొంచెం దూరంగానే ఉండేవాళ్ళు. ఇంజను మోత విని కళ్ళు మూసుకుని, "శ్రుతి తప్పింది" అనేవాడు. స్క్రూడ్రైవరుతో కార్బురేటర్ దగ్గర ఏదో అర తిప్పు తిప్పేవాడు. నిజంగానే మోత మారేది, ఒప్పుకోవాలి. ఆ చెవితోనే కీబోర్డు నేర్చుకుని చిక్కబళ్ళాపురంలో ఒక ఆర్కెస్ట్రాలో చేరాడు. జాతరలు, పెళ్ళిళ్ళు, వినాయకుడి పందిళ్ళు. వాయిద్యాలు వ్యానులో పోయేవి, వీడు మాత్రం ఎంత దూరమైనా బండి మీదే. మా నాయన గవర్నమెంటు ఉద్యోగం తప్ప ఇంకేదీ పని కాదనే మనిషి. ఇంట్లో ఆ గొడవ వచ్చిన ప్రతిసారీ వాడి తరఫున వాదించింది ఎవరనుకున్నారు? నేనే. "వాడికి వచ్చింది మీలో ఎవురికొస్తాది నాయనా?" అని అందరి ముందూ అడిగాను. ఆ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది. నేను వాడి వైపు మనిషినని వాడికి తెలుసు. అదే చిక్కు.

నన్ను సాదలిలో ఇచ్చారు. అత్తగారింట్లో పట్టు పురుగుల మేపకం. నేను బి.ఎస్సీ. జువాలజీ, కాబట్టి పురుగుల గురించి నాకు తెలియనిది ఉండదని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని పురుగులు ఎప్పుడూ పట్టించుకోలేదు. తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెబుతాను. పురుగు నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి కదలకుండా పడుకుని, పాత చర్మం విడుస్తుంది. మేం దాన్ని జ్వరం అంటాం. నాలుగో జ్వరం దిగాక వారం రోజుల పాటు రాత్రీ పగలూ మల్బరీ ఆకు నమిలి నమిలి, ఒక పూట ఉన్నట్టుండి ఆకు వద్దంటుంది. ఒళ్ళు గాజులాగా తేటబడుతుంది. తల ఎత్తి అటూ ఇటూ గాలిలో వెతుకుతుంది, గూడు కట్టడానికి చోటు కోసం. పండిందంటాం. ఇక ఆగదు. గంటల్లో ఒక్కొక్క పురుగునీ చేత్తో ఏరి చంద్రిక మీద వెయ్యాలి. చంద్రిక అంటే మనిషంత పొడుగు వెదురు తడిక, దాని మీద వెదురు బద్దలు చుట్లు చుట్లుగా అల్లి ఉంటాయి. ఆ చుట్ల మధ్య అది గూడు కట్టుకుంటుంది. చంద్రిక దొరకలేదా, కింద ఎండిన ఆకులోనూ పెంటలోనూ దారం కక్కేస్తుంది. ఆ గూళ్ళని మార్కెట్టులో ఎవరూ ముట్టుకోరు. నెల రోజుల కష్టం ఒక్క పూటలో పేడకుప్పకి పోతుంది.

ఆ ఏడు చలి ఎక్కువ. చలికి పురుగు మేత సరిగా తినదని పురుగుల ఇంట్లో వరుసగా నాలుగు రోజులు బొగ్గుల కుంపటి పెట్టించాను. మంచి పనే. శుక్రవారం పక్కింటావిడ వచ్చి తన పురుగులు పండాయని, మా చంద్రికలు ఇమ్మని అడిగింది. వద్దన్నది మా అత్త. నేను క్యాలెండరు ముందు నిలబడి వేలు పెట్టి లెక్క చూపించాను: నాలుగో జ్వరం దిగింది ఫలానా రోజు, కాబట్టి మనవి వచ్చే గురువారానికి గానీ పండవు, బుధవారం సాయంత్రానికి ఆవిడ తిరిగిచ్చేస్తుంది. "పురుగుకి క్యాలెండరు తెలుస్తాదా అమ్మా?" అంది అత్త. ఆవిడతో వాదించి గెలిచాను. కొన్ని మాత్రమే ఉంచుకుని మిగతావన్నీ ఇచ్చేశాను. కుంపటి వేడికి పురుగు తొందరగా తింటుందని తెలిసినదాన్ని, తొందరగా తిన్నది తొందరగా పండుతుందని మాత్రం ఆలోచించలేదు. బడి గడప తొక్కని ఆడవాళ్ళు కూడా ఆ ఊళ్ళో ఈ పొరపాటు చెయ్యరు. బుధవారం మధ్యాహ్నం పురుగుల ఇంటి నుంచి అత్త కేక వినబడింది: "ఏమమ్మా, బి.ఎస్సీ! వచ్చి చూడు, నీ గురువారం ఈ పొద్దే వచ్చేసిండాది!"

వెళ్ళి చూస్తే తట్ట తట్టలోనూ తలలు ఎత్తుకుని ఊగుతున్నాయి. ఇంట్లో మగదిక్కు లేదు, మా ఆయనా మామగారూ టమాటాలు వేసుకుని చింతామణి మార్కెట్టుకి పోయారు, ఉన్న ఒక్క టెంపో వాళ్ళతోనే పోయింది. పక్కింటికి ఇచ్చిన చంద్రికల నిండా ఆవిడ పురుగుల గూళ్ళు, అవి కదిలించడానికి వీల్లేదు. ఎంత లెక్క వేసినా ఇంకా పదిహేను కావాలి. నాలుగు మైళ్ళ అవతల మా ఆడబిడ్డ ఇంట్లో ఖాళీగా ఉన్నాయని ఫోను చేస్తే తెలిసింది. సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆ రెండు స్ట్రోకుల మోత.

మా తమ్ముడు చింతామణి పోతూ పోతూ అక్క ఇంట్లో అన్నం తిని పోదామని దిగాడు. మెరిసే చొక్కా, దువ్విన తల, పది గజాల దాకా సెంటు. సాయంత్రం ఏడుకి అక్కడ ప్రోగ్రాం. మామూలు ప్రోగ్రాం కూడా కాదు. వాడు సొంతంగా ఒక బాణీ కట్టుకున్నాడు, మాటలు లేని ఉత్త వాయిద్యం. ఏడాదిగా బతిమాలితే, మధ్యలో దాన్ని ఒక్కడే వాయించడానికి ఆర్కెస్ట్రా మాస్టరు మొదటిసారి ఒప్పుకున్నాడు. ఆ సంగతి నాకు వారం ముందే ఫోనులో చెప్పాడు. తెలియదని నేను అనలేను.

అత్త గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆడనే నిలబడప్పా! ఏం పూసుకోనుండావో ఏమో, ఆ వాసనకి పురుగులన్నీ సచ్చిపోతాయి. తొట్టి కాడ నీళ్ళు పోసుకో పో. మీ మామ లుంగీ ఉండాది, కట్టుకో."

"నేను లోపలికి రాను అత్తా, ఇంత అన్నం తినేసి పోతా."

"అన్నం ఎవురు వండినారు?" అన్నాను నేను. "చంద్రికలు లేవురా. పదిహేను తేవాల. బండి తియ్యి."

"అక్కా, ఏడు గంటలకి చింతామణిలో..."

"తెలుసులే. నాలుగ్గంటలకల్లా వదిలేస్తా."

వాడు స్నానం చేసి మా మామగారి లుంగీ చుట్టుకుని, దాని మీద హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. వేరే రోజైతే వారం రోజులు నవ్వుకునేదాన్ని. ఒక ట్రిప్పుకి మూడు చంద్రికలు. నేను పక్కకి కాళ్ళు వేసి కూర్చుని, వాటిని నా ముందు నిలువుగా గోడలాగా పట్టుకోవాలి. వాడికి దారి కనబడుతుంది, నాకు వెదురు తప్ప ఏమీ కనబడదు. పక్కగాలి తగిలిందంటే బండి మొత్తం పడవలాగా వాలుతుంది. మొదటి ట్రిప్పు బానే నడిచింది. రెండోది తెచ్చేసరికి అత్త, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఇద్దరు, తెచ్చినవి తెచ్చినట్టే నింపేస్తున్నారు. "ఈడ పెంటలోనే చుట్టుకుంటాండాయి, బిన్న రాండి!" అని అత్త లోపల్నించే అరిచింది. ఆ మాట విన్నాక నాకు గడియారం తప్ప ఇంకేమీ బుర్రలో లేదు.

మూడో ట్రిప్పు తిరుగు దారిలో వాడు మెడ వెనక్కి తిప్పి అరిచాడు: "అక్కా, ఇదే ఆఖరు. ఇంగ ఆరు తక్కువైతాయి, ఎవుర్నన్నా అడుక్కో. నేను పోవాల."

నిజానికి అందులో తప్పేముంది? నాలుగింటికి వదులుతానన్నది నేనే, అప్పటికి మూడున్నర అయింది. పొరపాటు నాది, క్యాలెండరు నాది, కుంపటి నాది. కానీ తప్పు మనదైనప్పుడే నోరు ఎక్కువ లేస్తుంది, నా విషయంలో అయితే మరీను. వెదురు గోడ వెనక నుంచి అన్నాను: "పోరా, పో! నువ్వు పోకపోతే ఆడ పాట నిలిచిపోతాదా? ఆ పెట్టె దానంతకదే కొట్టుకుంటాది. ఒక బొత్తాం నొక్కితే తాళం, ఇంగోటి నొక్కితే రాగం. నువ్వు స్టేజీ మీద లేవని ఒక్కడు కూడా కనుక్కోడు!"

అన్నాను. పూర్తిగా, స్పష్టంగా, మా నాయన కూడా అనని మాట అన్నాను. జవాబు రావడానికి వ్యవధి లేదు. మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. దాని గాలి చంద్రికల మీద కొట్టింది. రోడ్డు మీద ఎవరో ఉలవ కట్టె పరిచారు. మా వైపు అది మామూలే, పోయే బండ్లే తొక్కి గింజ రాలుస్తాయి. ముందు చక్రం ఆ ఉలవ కట్టె మీద జారింది. నేను, వాడు, మూడు చంద్రికలు, బండి, అన్నీ కలిసి రోడ్డు పక్కన పోగేసి ఉన్న ఉలవ కుప్పలోకి పోయాం. పరుపు మీద పడ్డట్టే పడ్డాం. ఆ ఉలవలామె చీపురు ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఏమప్పా, బండి తోలండి అని పరిస్తే పండుకుంటాండారే! దెబ్బలేమన్నా తగిలినాయా తల్లీ?" తగల్లేదని తెలిసిన మరుక్షణం, "అయితే మెల్లగా లేయండి, గింజలు చెదిరిపోతాండాయి" అంది.

నేను చంద్రికల వైపు చూశాను. ఒకటి నడుమ విరిగింది. వాడు కుప్ప మీదే కూర్చుని, హెల్మెట్ తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ ముందుకి చాపి, పది వేళ్ళనీ ఒక్కొక్కటే గాలిలో ఆడించి చూసుకున్నాడు. పదీ ఆడాయి. అది నా కళ్ళతో చూశాను. ఆ తర్వాత ఆ వేళ్ళతోనే జేబులోంచి ఫోను తీసి, మాస్టరుకి కన్నడంలో చెప్పాడు: బండి జారింది, చెయ్యి బాగా తగిలింది, వాయించలేను, రాలేను. ఫోను పెట్టేసి లేచి బండి ఎత్తాడు. "పద, ఇంగ ఆరు కాదు, ఏడు తేవాల" అన్నాడు. ఆ ఒక్కటే మాట. లోకమంతా చెప్పుకునే విరిగిన చెయ్యి పుట్టింది అదిగో, ఆ ఉలవ కుప్ప మీద.

"అబద్ధం ఎందుకురా, పో, నీ ప్రోగ్రాముకి పో" అని నేననొచ్చు. ఇంకా వేళ ఉంది, బండి నడుస్తోంది. అనలేదు. నాకు ఏడు చంద్రికలు కావాలి. ఎంత చదువుకున్నా ఆ క్షణంలో నా మనసు పెంటలో దారం కక్కే పురుగు దగ్గరే ఉంది.

మిగతావి తెచ్చాం. వాడు చొక్కా విప్పి మా అందరితో కలిసి పురుగులు ఏరాడు. మొదటిసారి ఏరేవాళ్ళు నలిపేస్తారు. వీడి వేళ్ళు అలవాటైన చోటికి పోయినట్టు పోయాయి. పొద్దు వాలే వేళకి చంద్రికలన్నీ నిండి, పడమటి ఎండకి వాలుగా నిలబెట్టేశాం. పంట దక్కింది, నూటికి తొంభై పాళ్ళు దక్కింది. అప్పుడు వాడు పండిన పురుగు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని ఎండకి ఎత్తాడు. దాని లోపల వెలుగు నిండింది. ఫోనుతో ఫోటో తీశాడు, ఒకటి కాదు, నాలుగైదు. ఏడు గంటలైంది. ఎనిమిదైంది. చింతామణిలో ఏమవుతోందో నేనూ అడగలేదు, వాడూ అనలేదు.

మర్నాడు పొద్దున మాస్టరు ఫోను చేశాడు. వాడు మా వాకిట్లోనే స్పీకరు పెట్టి మాట్లాడాడు కాబట్టి నాకూ వినబడింది. ప్రోగ్రాం బ్రహ్మాండంగా జరిగిందట, ఇంకో కుర్రాడు బొత్తాలు నొక్కి నెట్టుకొచ్చాడట, ఎవరికీ ఏమీ తెలియలేదట, కాబట్టి తొందరపడొద్దు, చెయ్యి చూసుకో అని. ఆయన దయగానే అన్నాడు పాపం. నేను అక్కడ చీపురు పట్టుకుని నిలబడి, నేను వెనక కూర్చుని అన్న మాటే ఆ ఫోనులోంచి మళ్ళీ వినవలసి వచ్చింది. వాడు "సరే మాస్టర్" అని పెట్టేశాడు. నా వైపు చూడలేదు. చూశాడేమో, నేనే చూడలేదేమో.

తర్వాత కథ అందరికీ తెలిసిందే, అది మాత్రం సరిగానే చెబుతారు. వాడు మళ్ళీ ఆర్కెస్ట్రాకి పోలేదు. కొన్ని నెలలకి కీబోర్డు ఎవరికో ఇచ్చేసి కెమెరా తెచ్చుకున్నాడు. బాగేపల్లిలో ఒక స్టూడియో తరఫున పెళ్ళిళ్ళు తీశాడు. అది నచ్చక బండేసుకుని ఊళ్ళు తిరిగాడు. పురుగుల ఇళ్ళు, టమాటా మండీలు, వేరుశనగ పీకే ఆడవాళ్ళు, బస్సు కోసం హైవే మీద నిలబడ్డ ముసలివాళ్ళు. బెంగుళూరు వాళ్ళు రమ్మని పిలిస్తే పోకుండా, పరగోడులో మా నాయన వదిలిన మెట్ట చేనిలో రెండు గదులు వేసుకుని కూర్చున్నాడు. పొద్దున చేను, మధ్యాహ్నం కెమెరా, సాయంత్రం బండి విప్పి బిగించడం. సుఖంగా ఉన్నాడా అంటే, ఉన్నాడు. అదే నాకు లెక్క తేలనిచ్చేది కాదు. నా మాట వాడి బతుకు చెడగొట్టిందని ఏడుద్దామంటే చెడిపోలేదు. నా వల్లే బాగుపడ్డాడని విర్రవీగుదామంటే, ఆ బాణీ ఒకటి ఉంది, ఒక్కడికి కూడా వినబడకుండా పోయినది.

వాదనకి రెండు వైపులూ చూసే మనిషిని కాబట్టి రెండూ చెబుతాను. వాడికి వినబడలేదు అనడానికి: హెల్మెట్ ఉంది, గాలి ఉంది, ఆ దిక్కుమాలిన ఇంజను ఉంది. పైగా ఆ నాటి నుంచి ప్రతి పంటకీ పిలవకుండా వస్తాడు, నా చేతి సంగటి అడిగి పెట్టించుకుని తింటాడు. వినబడింది అనడానికి: అంతకు ముందు ఆ బండి మీదే, అంతే గాలిలో, వాడు నాతో చింతామణి దాకా కబుర్లు చెప్పుకుంటూ పోయేవాడు. ఇంజనులో అర తిప్పు తేడా పట్టే చెవి అది. ఇంకొకటి కూడా ఉంది. ఆ కాలేజీ హాల్లో గోడల నిండా తాలూకాలోని అందరి పురుగుల ఇళ్ళూ ఉన్నాయి. రెండుసార్లు తిరిగి వెతికాను. మా ఇంటిది, ఆ రోజుది, ఒక్కటీ లేదు.

సభ అయ్యాక బయట వాడు బండి మీద దుమ్ము తుడుస్తుంటే పోయి పట్టుకున్నాను. "చెయ్యి విరిగిందని వాళ్ళు చెప్తాంటే నవ్వుతా కూర్చుంటివే? విరగలేదని ఒక మాట చెప్పేదానికేం?"

"చెప్తే ఏమొస్తాదక్కా? విరిగిందంటే ఆడికి అయిపోతాది. విరగలేదంటే, మరి ఎందుకు వదిలినావని అడుగుతారు."

"అడగనీ. చెప్పు."

వాడు గుడ్డ మడిచి సీటు కింద పెట్టాడు. ఇప్పుడు అడిగెయ్, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అని నాలోపలే ఎవరో తోస్తున్నారు. ఊళ్ళో అందరితో పోట్లాడిన నోరు అక్కడ లేవలేదు. వాడే అడిగాడు: "నీ పురుగులు పండేది ఎప్పుడక్కా ఈ తడవ?"

"వచ్చే గురువారం."

"బుధవారమే వస్తాలే" అని బండి స్టార్టు చేసి పోయాడు. ఎగతాళి చేశాడో, మామూలుగా అన్నాడో, ఆ మొహం చూసి చెప్పడం మా అమ్మకే చేతకాలేదు, నాకేం చేతనవుతుంది?

కాలం గడిస్తే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని మా వాళ్ళంటారు. దాన్ని కూడా నేను ఒప్పుకోను. ఈ పన్నెండేళ్ళలో నాకు సర్దుకున్నదేమీ లేదు, అడగవలసిన రోజు నుంచి ప్రతి ఏడూ ఇంకొంచెం దూరం జరిగాను, అంతే. ఎదురుగా నిలబడి అడగలేకపోయాను కాబట్టి ఇక్కడ రాసి అడుగుతున్నాను, చదివి జవాబు చెప్పు. ఒరే, ఆ మలుపు రాకముందు, ఆ గాలిలో, నేనన్న మాట నీకు వినబడిందా?